ఆరు వారాల తిండి

శుక్రవారం పొద్దున ఆరున్నరకు ప్రవళిక వేలు పొడుచుకుని రక్తపు చుక్కను స్ట్రిప్‌కు తాకించింది. షుగర్ మిషన్ అయిదు సెకన్లు ఆగి 128 చూపించింది. ఆమె ఆ అంకెను పైకి చదివింది. వాకిట్లో సాన్పి చల్లుతున్న అవ్వకు వినపడలేదేమోనని ఇంకోసారి చదివింది.

"నూట ఇరువై ఎనిమిది," అని తల్లి ఐలవ్వ తిరిగి అన్నది. "ఇంకింత తక్కువుంటే ఇంకింత మంచిది గాదా బిడ్డా?"

"కాదవ్వా. తక్కువైతే కండ్లు తిరిగి పడిపోత. పదకొండేండ్ల సంది చెప్తున్న నీకు."

"సరె తియ్యి. నువ్వు సంబురంగున్నవంటే మంచిదే ఉన్నట్టు."

ప్రవళిక సంబరం దాచుకోలేదు. బ్యాగు అప్పటికి మూడుసార్లు విప్పి మూడుసార్లు సర్దింది. సాయంత్రం నాలుగింటికి కరీంనగర్‌లో దవాఖానలో చేరాలి. శనివారం ఎనిమిదింటికి ఆపరేషన్. పైదవడను, కిందిదవడను కోసి, జరిపి, చిన్న ప్లేట్లతో బిగిస్తారు. ఆమెకు ఇరవై మూడేళ్లు. వెనక రెండు జతల పళ్లు తప్ప మిగతావేవీ ఇన్నేళ్లలో ఒకదానికొకటి తగల్లేదు. ముందు పళ్ల మధ్య సందు ఎనిమిది మిల్లీమీటర్లు. కిందిదవడ పైదాన్ని దాటి ముందుకొచ్చింది. మక్క కంకి ఇస్తే గింజలు ఒలుచుకుని వెనక పళ్ల కింద పెట్టుకోవాలి. పళ్లెం అన్నం తినడానికి ముప్పావు గంట పడుతుంది.

ఆ ముప్పావు గంటే అసలు చిక్కు. పన్నెండో ఏట ఆమెకు షుగర్ వచ్చింది. ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం. రోజుకు నాలుగు సూదులు. సూది పొడుచుకుని తినడానికి కూర్చుంటే మందు పావుగంటలో పని మొదలుపెడుతుంది, అన్నం ఇంకా నోట్లోనే ఉంటుంది. అట్లా రెండుసార్లు కంచం ముందే పడిపోయింది.

ఆమె పనిచేసేది హుస్నాబాద్ బస్‌స్టాండ్ ఎదుట వెంకటేశ్ ఫొటో స్టూడియోలో. గల్ఫ్ పోయేవాళ్లు పాస్‌పోర్ట్ ఫొటోలకు అక్కడికే వస్తారు. "నోరు ముయ్యాలె, పండ్లు కనవడొద్దు" అని ఆమె రోజుకు ముప్పై సార్లు చెప్తుంది. పోయిన ఏడాది ఒకతను స్టూలు మీద కూర్చుని, "ముందుగాల నీది మూసి సూపెట్టు, సూసి నేర్చుకుంట" అన్నాడు. ఆమె బటన్ నొక్కింది. ఆ ఫొటోలో నోరు తెరిచి ఉన్నది అతనే. ఇంకో ఫొటో కోసం అతను పది నిమిషాలు నిలబడ్డాడు.

దవడ సరిచేయించుకోవాలని ఆమె మూడేళ్లు తిరిగింది. రెండు ఊళ్లలో రెండు దవాఖానలు కుదరదన్నాయి. షుగర్ ఉన్నవాళ్లకు ఎముక అతకదు, పుండు మానదు, చీము పడుతుంది అని చెప్పారు. కరీంనగర్‌లో మాత్రం మత్తు డాక్టర్ మధులిక కుదరదనలేదు. ఒక షరతు పెట్టింది.

"మూడు నెలల సగటు పరీక్షల నీకు పది పాయింట్ ఎనిమిది వచ్చింది. దాన్ని ఏడున్నర లోపుకు తీసుకురా. కోసేది శరత్‌చంద్ర సార్. నిన్ను నిద్రపుచ్చేది, లేపేది నేను. లేపుతనన్న నమ్మకం నాకు రావాలె."

ఆ నమ్మకం రావడానికి పదహారు నెలలు పట్టింది. ఆ పదహారు నెలలూ ఒకవైపు పళ్లకు క్లిప్పులు, ఒకవైపు తిండి కొలత. పోయిన నెల రిపోర్టులో 7.2 వచ్చింది. బాపు రాయమల్లు ఆ కాగితాన్ని వెంకటేశ్ స్టూడియోలో లామినేషన్ చేయించి, పాస్‌బుక్కు పెట్టే చోట పెట్టాడు.

ఇక ఆ శుక్రవారం జరిగిన పొరపాటు సంగతి చెప్పాలి.

ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు నమలకూడదు. జావ, పాలు, మిక్సీ పట్టిన పప్పు, అంతే. ఈ సంగతి ఐలవ్వ పక్కింట్లో ఉండే తన తోటికోడలు పద్మలతకు చెప్పింది. పద్మలత ఆ సాయంత్రమే వాడంతా తిరిగింది. ఆ వాడలో ఒక పద్ధతి ఉంది. కడుపుతో ఉన్న పిల్లకు ఏడో నెలలో ఇంటికొకరు ఏదో ఒకటి వండుకొచ్చి, ఎదురుగా కూర్చుని తినిపిస్తారు. తెచ్చినవాళ్లది కనీసం ఒక ముక్కయినా తినాలి. వద్దంటే తెచ్చినవాళ్లకు చిన్నతనం. కాన్పయ్యాక పథ్యం ఉంటుంది కాబట్టి ముందే అన్నీ తినాలన్నది దాని లెక్క. ఆరు వారాల పథ్యానికీ ఆ లెక్కే వర్తిస్తుందని పద్మలత తేల్చింది.

శుక్రవారం పది గంటలకు పన్నెండు ఇళ్ల ఆడవాళ్లు గిన్నెలతో వచ్చారు. చాప పరిచారు. ప్రవళికను పీట మీద కూర్చోబెట్టారు. పద్మలత బొట్టు పెట్టింది.

"చిన్నమ్మా, నేను కడుపుతోటి లేను. దవడ ఆపరేషన్‌కు పోతున్న."

"రెండూ ఒక్కటే పిల్లా. దానికి తొమ్మిది నెల్లు, నీకు ఆరు వారాలు. కూసో."

"దానికైతే మొగడు గావాలె, దీనికి డాక్టర్ సాలు," అని గిన్నె మూత తీస్తూ ఒక ముసలమ్మ అన్నది. అందరికంటే ముందు నవ్వింది ప్రవళికే.

ఆ వాడలో ఆమె కోసం జనం గుమిగూడటం అదే మొదటిసారి. చిన్నప్పుడు బతుకమ్మ దగ్గర పిల్లలు ఆమె నోటిని చూసి నవ్వుతారని ఐలవ్వ గోడ పక్కన నిలబెట్టేది. ఇప్పుడు పన్నెండు మంది తమ గిన్నె ఎప్పుడు ముందుకు జరుగుతుందా అని చూస్తున్నారు. ప్రవళిక కోడికూర, అన్నం ఒక పళ్లెం అనుకుని, దానికి సరిపోయే పది యూనిట్లు పొట్టలో పొడుచుకుంది. పళ్లెం అయిపోయింది. తర్వాత బియ్యప్పిండిని రొట్టెలా కాల్చిన సర్వపిండి వచ్చింది. తర్వాత మక్క గారెలు. క్లిప్పులు విరగకుండా సకినాలను రోట్లో దంచి తెచ్చారు. ఆ తర్వాత గరిజెలు, అంటే కజ్జికాయలు. ఒక్కొక్కరిది ఒక్క ముక్కే కదా అని ఆమె అనుకుంది. పన్నెండు ఇళ్లున్నాయన్నది అప్పుడు గుర్తుకు రాలేదు. ఆమె నెమ్మదిగా నమలుతుంటే వాళ్లు నెమ్మదిగా కబుర్లు చెప్పారు. అట్లా రెండున్నర గంటలు గడిచాయి.

పన్నెండున్నరకు మిషన్ 211 చూపించింది. ఆమె ఈసారి పైకి చదవలేదు.

బాపు, అవ్వ, చిన్నమ్మ, ఆమె, నలుగురూ ఆటోలో హుస్నాబాద్ చేరేసరికి రెండయింది. బస్‌స్టాండ్ బెంచీ మీద కూర్చుని చున్నీ కింద మళ్లీ వేలు పొడుచుకుంది. 298.  దవాఖానలో ఈ అంకె చూస్తే ఏమంటారో ఆమెకు తెలుసు. డాక్టర్ మధులిక రాసిచ్చిన కాగితంలో మూడో లైను కూడా తెలుసు: చెప్పకుండా అదనంగా సూది వేసుకోవద్దు. బాపు టికెట్ల కోసం చిల్లర ఏరుకుంటున్నాడు. అవ్వ, చిన్నమ్మ బస్సు బోర్డు చదువుతున్నారు. ప్రవళిక చున్నీ కిందే ఎనిమిది యూనిట్లు పొడుచుకుంది. ఎవరూ చూడలేదు.

దవాఖానలో ఆమెకు మూడో అంతస్తులో మంచం ఇచ్చారు. నర్సు కావ్యది ఆదిలాబాద్. వేలు పట్టుకుంటూనే మాట కలిపింది.

"రేపు మొదటి కేసు నీదేనా? బరోబర్. నాకు థియేటర్ల డ్యూటీ పడ్డది, చూస్త నిన్ను." అంతలో మిషన్ వంక చూసి ఆగింది. "ఏందిది చెల్లె? మూడు వందల నలభై ఆరు."

కావ్య ఫోన్ చేసిన పావుగంటకు డాక్టర్ మధులిక వచ్చింది. చార్టు చూసింది. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏం తిన్నవు?"

ప్రవళిక కంటే ముందు ఐలవ్వ అందుకుంది. "పొద్దుగాల జరంత మక్క గట్క తిన్నది మేడం. గంతే. బస్సుల ఊగులాటకు పెరిగిందో ఏమో."

"బస్సుల ఊగితె షుగర్ పెరగది అవ్వా." డాక్టర్ గొంతు పెంచలేదు. "ఉన్నదున్నట్టు చెప్త, వినుండ్రి. రేపు పొద్దున ఆరింటికి షుగర్ నూట ఎనభై లోపుండాలె. ఇన్సులిన్ చాలకుంటే వచ్చే కిటోన్లు మూత్రంల ఉండొద్దు. అట్లుంటేనే థియేటర్లకు తీసుకపోత. లేకుంటే లేదు. శరత్‌చంద్ర సార్ హైదరాబాద్ నుంచి నెలకొక్క శనివారం వస్తరు. వచ్చే నెల రెండు కేసులు ముందే ఉన్నయి. అంటే మళ్ల నవంబర్."

నవంబర్ అన్న మాట విని రాయమల్లు తలుపుకు ఆనుకున్నాడు. ఐలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ప్రవళికకు రెండు దారులు కనిపించాయి. అవ్వ చెప్పింది నిలబెట్టవచ్చు. ఎనిమిది యూనిట్ల సంగతి ఎవరికీ తెలియదు. అవి పనిచేసి అంకె దానంతటదే దిగితే ఆపరేషన్ జరుగుతుంది. లేదా చెప్పవచ్చు. చెబితే, పదహారు నెలలు కట్టుబడి చివరిరోజు కట్టు తప్పిన పిల్లను ఈ డాక్టర్ మళ్లీ ఎందుకు నమ్ముతుంది? లేపుతానన్న నమ్మకం నాకు రావాలె అన్నది ఈమే కదా.

ఆ మాట గుర్తొచ్చాకే ఆమెకు రెండో దారి ఖాయమైంది. లేపాల్సిన మనిషికి తెలియకపోతే ఎట్లా?

"అవ్వ అబద్ధం చెప్తుంది మేడం," అన్నది. "నేను పది యూనిట్లు పొడుసుకొని పది గంటల నుంచి పన్నెండున్నర దాంక తిన్న. పన్నెండు ఇండ్లోళ్లు తెచ్చిండ్రు. మళ్ల బస్‌స్టాండ్ల ఎవ్వలకు చెప్పకుంట ఎనిమిది యూనిట్లు పొడుసుకున్న. రెండు గంటలకు."

 కిందికి చూస్తున్న ఐలవ్వ, "ఎనిమిదా?" అన్నది.

డాక్టర్ మధులిక జేబులోంచి పెన్ను తీసి, చార్టు తిప్పి, వెనకవైపు ఖాళీగా ఉన్న చోట గీత గీసింది.

"చెప్పు. మొదటినుంచి."

"కోడికూర, అన్నం."

"అన్నం ఎంత?"

"గంటెతోటి రెండుసార్లు."

"తర్వాత?"

"సర్వపిండి ఒకటిన్నర."

"గిన్నెకు పెట్టిందా, పెనం మీదిదా? మందమెంత? మా అమ్మమ్మది మంథని, సర్వపిండి సంగతి నాకు తెల్సు. సక్కగ చెప్పు."

"గిన్నెకు పెట్టిందే. మందంగనే ఉన్నది."

"మందంగనే ఉంటది, తినెపిచ్చేది బంధువులైతే." డాక్టర్ రాసుకుంది. "ఇంకా?"

"మక్క గారెలు మూడు. సకినాల పొడి ఒక కప్పు. గరిజెలు..."

"ఎన్ని?"

ప్రవళిక లెక్కపెట్టుకుంది. "నాలుగు."

"ఐదు," అన్నది పద్మలత మూలనుంచి. అందరూ ఆమె వైపు తిరిగారు. "సెప్పేటప్పుడు సక్కగ సెప్పాలె గదా మేడం. ఐదోది నేనే నోట్లె వెట్టిన."

"మీరెవరు?"

"పిల్ల చిన్నమ్మను. ఇదంత నేనే వెట్టించిన. తిట్టుడుంటె నన్ను తిట్టుండ్రి, పిల్లను ఆపకుండ్రి."

"తిట్టనీకి టైం లేదు. గరిజె ఎంత పెద్దగున్నది?"

పద్మలత ఒక క్షణం తటపటాయించింది. తర్వాత కాళ్ల దగ్గరున్న సంచీలోంచి స్టీలు కారేజీ తీసింది. దవాఖానలో అందరికీ పంచాలని తెచ్చింది. పై గిన్నెలో గరిజెలు, కింద గిన్నెలో సర్వపిండి ముక్కలు, గారెలు ఉన్నాయి. కావ్య డైట్ గది నుంచి తూకం యంత్రం తెచ్చింది. డాక్టర్ ఒక గరిజెను తూచింది. విరిచి లోపల చూసింది. పుట్నాల పొడి, కొబ్బరి, చక్కెర. సర్వపిండిని తూచింది. గారెను తూచింది. రోగి తిన్నదాన్ని ఆ మంచం మీద అట్లా తూచడం అదే మొదటిసారని కావ్య తర్వాత చెప్పింది.

"మొత్తం రెండు వందల పది గ్రాముల పిండిపదార్థం," అన్నది డాక్టర్. "పొద్దున నువ్వు వేసుకున్న పది యూనిట్లు డెబ్బై గ్రాములకు సరిపోతయి. బస్‌స్టాండ్ల ఎనిమిది ఇంకా నీ ఒంట్ల పని చేస్తున్నయి. సర్వపిండి నూనెల కాలింది, అది ఇంకా సగం అరగలే. ఆ ఎనిమిది సంగతి తెల్వకుంట నేనింకో ఇరవై వేస్తే ఏమయితుండె?"

"పడిపోతుంటి."

"పడిపోతే మేల్కొంటవు. రేపు పొద్దున నేను మత్తు ఇచ్చినంక పడిపోతే, అది పడిపోవుడని కూడ తెల్వది." డాక్టర్ పెన్ను మూత పెట్టింది.

"అయితె ఆపరేషన్ లేనట్టేనా మేడం?"

"నేనెప్పుడన్న?"

ప్రవళిక మంచం మీద లేచి కూర్చుంది.

"ఒక్కరోజు తిండికి ఎముక అతకకుండ పోదు. అతికేది ఆ పదహారు నెలల కష్టంతోటి. ఇయ్యాల అంకె ఇయ్యాల్టిది. దాన్ని దించుదాం. కానీ దిగుడు నా చేతుల ఉండాలె, నీ చున్నీ కింద కాదు. నీ సూదులు కావ్యకియ్యి."

ఆమె సూది పెన్నులు రెండూ కావ్య చేతిలో పెట్టింది. మూత్ర పరీక్షలో కిటోన్లు లేవని అయిదింటికి తేలింది. చేతికి సెలైన్, దాని పక్కన ఇన్సులిన్‌ను చుక్కలెక్కన వదిలే పంపు పెట్టారు. గంటకోసారి వేలు పొడవాలని డాక్టర్ రాసి వెళ్లింది.

ఆరింటికి 301.

రాయమల్లు ఆ అంకెను ఊరికి ఫోన్ చేసి చెప్పాడు. ఫోన్ పెట్టేలోగా ఊరినుంచి ఇంకో ఫోన్ వచ్చింది. సర్వపిండి తెచ్చినామె ఏడుస్తోంది, మక్క గారెలు తెచ్చినామె పొయ్యి ముట్టించలేదు. పన్నెండు ఇళ్లూ ప్రవళిక వాళ్ల అరుగు మీదే కూర్చున్నాయట. ఏడింటికి 262. రాయమల్లు మెట్ల దగ్గర నిలబడి, సర్పంచ్ ఎన్నికల్లో రౌండు రౌండుకు మెజారిటీ చెప్పినట్టు చెప్పాడు.

"రెండు వందల అరువై రెండు. ముప్పై తొమ్మిది దిగింది. ఆఁ, ఇంకా ఎనభై రెండు దిగాలె."

అన్న సాగర్ షార్జా నుంచి వీడియో కాల్ చేశాడు. వెనక బంకు మంచాల మీద లుంగీల్లో ఉన్న మనుషులు కనిపించారు.

"ఏం చెల్లె, దావత్ చేసుకున్నవట? నాకో మాట చెప్పకపోతివి."

"నువ్వు మల్ల షురూ చెయ్యకన్నా."

"మా రూముల పదకొండు మంది కూసున్నరు నీ అంకె కోసం. సిరిసిల్లాయన నూట డెబ్బై అంటుండు, జగిత్యాలాయన నూట యాభై అంటుండు. ఎవలది నిజం జేస్తవు?"

"జగిత్యాలాయనది," అన్నది ప్రవళిక. ఫోన్లోంచి కేక వినిపించింది. వార్డులో పక్క మంచం మీది ముసలాయన కూడా అంకె ఎంతని అడగడం మొదలుపెట్టాడు.

ఎనిమిదింటికి 219. తొమ్మిదింటికి 184. అప్పుడు కావ్య ఇంకో సీసా తెచ్చి స్టాండుకు తగిలించింది. సీసా మీద ఉన్న అక్షరాలను పద్మలత కూడబలుక్కుని చదివింది.

"అక్కా, గ్లూకోజు!" అని ఐలవ్వ చేయి పట్టుకుంది. "షుగర్ పిల్లకు గ్లూకోజు ఎక్కిస్తుండ్రు!"

రౌండ్లకు వచ్చిన డాక్టర్ మధులిక తలుపు దగ్గరే ఆగింది. "ఇన్సులిన్ ఊకె ఉండది చిన్నమ్మా. దానికి తిననీకి ఏదన్న ఇయ్యాలె. ఇయ్యకుంటే పిల్లను తింటది."

"మంచిగనే ఉన్నది. నేను వెడితె తప్పాయె, మీరు వెడితె వైద్యమాయె."

"మీరు కొలిచి పెట్టలే. నేను కొలిచి పెడుతున్న."

 పద్మలత కారేజీ మూత తెరిచి డాక్టర్ ముందు పెట్టింది. డాక్టర్ ఒక గరిజె తీసుకుని వెళ్లిపోయింది.

తెల్లవారి ఆరింటికి కావ్య మంచం దగ్గరికి వచ్చినప్పుడు ప్రవళిక చేయి అప్పటికే చాపి ఉంది. పది వేళ్లలో పొడవని వేలు లేదు. కావ్య చెవి తమ్మె నుంచి చుక్క తీసింది. అయిదు సెకన్లు. రాయమల్లు ఫోన్ చెవిదగ్గర పెట్టుకునే నిలబడ్డాడు. అటువైపు అరుగు మీద ఎవరో "సప్పుడు జెయ్యకుండ్రి" అని అరవడం ఇటు వినిపించింది.

"నూట యాభై ఏడు," అన్నది కావ్య.

రాయమల్లు ఆ అంకెను ఫోన్లో చెప్పలేకపోయాడు. ఫోన్‌ను ప్రవళిక నోటి దగ్గర పెట్టాడు. ఆమె చెప్పింది. అటువైపు పన్నెండు ఇళ్లూ ఒక్కసారే మాట్లాడాయి, ఒక్క మాటా అర్థం కాలేదు.

ఏడున్నరకు స్ట్రెచర్ వచ్చింది. థియేటర్ బయట డాక్టర్ శరత్‌చంద్ర ఆకుపచ్చ బట్టల్లో నిలబడి ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు.

"నువ్వేనా అమ్మా, ఊరంతా కలిసి తినిపించింది?"

"అవును సార్."

"నాకు గరిజెలు మిగల్లేదని చెప్పారు."

"ఆరు వారాలైనంక నేనే తెస్త సార్."

"తే. నువ్వు కొరికి చూపించాకే నేను తింటా."

లోపల డాక్టర్ మధులిక తలవైపు నిలబడింది. మాస్కు పెడుతూ కిందికి వంగింది. "నాకు చెప్పనిది ఇంకా ఏమన్న ఉన్నదా?"

ప్రవళిక ఆలోచించింది. "పాసెం ఒక చెంచ. మరిచిపోయిన."

"లెక్కల అదీ కలిపిన. మీ చిన్నమ్మ చెప్పింది. ఊపిరి పీల్చు."

ఆపరేషన్ అయిదు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. పైదవడను అయిదు మిల్లీమీటర్లు ముందుకు తెచ్చారు, వెనకవైపు పైకి ఎత్తారు. కిందిదవడను నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. అయిదు గంటల్లో షుగర్ 140 కంటే తగ్గలేదు, 175 దాటలేదు. "ప్రవళికా, కండ్లు తెరువు" అన్న గొంతు డాక్టర్ మధులికదే. ఆమె తెరిచింది. ముఖం తనది కానట్టుంది. పెదవులకు స్పర్శ లేదు. పైపళ్లను, కిందిపళ్లను రబ్బరు బ్యాండ్లతో కట్టారు. డాక్టర్ రెండు వేళ్లు చూపి ఎన్ని అని అడిగితే ఆమె రెండు వేళ్లు చూపించింది.

శనివారం, ఆదివారం సిరంజితో పాలు, రాగిజావ పట్టారు. పద్మలతే పట్టింది. ప్రతి సిరంజినీ కావ్యకు చూపించి, ఎంతో చెప్పించుకుని, గోడకు అంటించిన కాగితంలో రాయించి మరీ పట్టింది. ఒక పూట జావ పన్నెండు నిమిషాల్లో అయిపోయేది. సూది మందుకూ తిండికీ ఇన్నేళ్లలో మొదటిసారి జత కుదిరింది. ఆదివారం సాయంత్రం ముఖం ఇంకా వాచింది. ఐలవ్వ చూడలేక వరండాలోకి పోయి కూర్చుంటే రాయమల్లు పోయి, "వాస్తదని ముందుగాల్నే చెప్పిండ్రు గదనే, ఫికర్ చెయ్యకు" అని తీసుకొచ్చాడు.

సోమవారం పొద్దున డాక్టర్ శరత్‌చంద్ర హైదరాబాద్ తిరిగిపోయే ముందు వచ్చాడు. కావ్య లైటు పట్టుకుంది. అతను రబ్బరు బ్యాండ్లు ఒక్కొక్కటీ తీశాడు. కుట్లు చూశాడు. ఎక్కడా చీము లేదు.

"ఇప్పుడు నోరు కొంచెం తెరువు. చాలు. నెమ్మదిగా మూయి. గట్టిగా కాదు. తగిలేదాకా."

ప్రవళిక మూసింది. ఎక్కడ ఆగాలో ఆమెకు తెలియదు. ఇన్నేళ్లూ వెనక పళ్లు ఆపేవి. ఇప్పుడు ముందు ఏదో వచ్చి తగిలింది. టక్‌మన్నది. చెవిలో కాదు, పుర్రెలో వినిపించింది. ఆమె డాక్టర్ వంక చూసింది. అతను తల ఊపాడు. ఆమె మళ్లీ తెరిచి మూసింది. టక్. మళ్లీ.

"చాలమ్మా, చాలు. ఇదేం తాళం కాదు," అన్నాడు శరత్‌చంద్ర. మళ్లీ కట్టడానికి కావ్యను బ్యాండ్లు అడిగాడు.

కర్టెన్ అవతల నిలబడ్డ ఐలవ్వకు లోపల ఏం జరుగుతోందో కనిపించడం లేదు. "ఏం సప్పుడది? నొస్తుందా బిడ్డా?" అని అడిగింది.

కావ్య బ్యాండ్లు పట్టుకుని వంగేలోపు ప్రవళిక అవ్వకు వినపడేట్టు ఇంకోసారి టక్‌మనిపించింది.